మాటకు ముందూ వెనకా: ప్రసిద్ధ మహిళల సూక్తులు నేర్చుకుందాం – మూడో పాఠం

పోయిన పాఠంలో నోటుబుక్కు తెరవడం దాకా వచ్చాం. ఎడమ పేజీలో మాట రాసుకోవాలి, కుడి పేజీలో ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు రాసుకోవాలి అనుకున్నాం. ఎడమ పేజీలు నింపడం సులువు. ఈ పాఠమంతా కుడి పేజీ గురించే.

బడిలో ప్రార్థన వేళ నల్లబల్ల మీద ‘నేటి సూక్తి’ రాసి, కింద ఎవరిదో పేరు తగిలించడం మనకు అలవాటు. ఆ మనిషి ఆ మాట ఎందుకు అనాల్సి వచ్చిందో పిల్లలు అడగరు, మనమూ చెప్పం. సాయంత్రానికి బల్ల తుడిచేస్తారు, దాంతోపాటు మాటా పోతుంది. సందర్భం తెలిసిన మాట మాత్రం అంత తేలిగ్గా పోదు. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఏం జరుగుతుండగా అన్నారు అనే మూడు ప్రశ్నలకు జవాబు రాస్తేనే కుడి పేజీ నిండినట్టు.

మన నెల్లూరు మాటతోనే అభ్యాసం మొదలుపెడదాం. 13వ శతాబ్దం, నెల్లూరు రాజు మనుమసిద్ధి ఏలుబడి. యాదవ నాయకుడు కాటమరాజు తన ఆవుల మందల్ని సిద్ధి రాజ్యంలోని పచ్చిక బీళ్ళకు తోలుకొచ్చాడు. పుల్లరి, అంటే పశువుల మేతకు కట్టే పన్ను, దగ్గర పేచీ పుట్టి, పాలేటి ఒడ్డున యుద్ధం దాకా పోయింది. సిద్ధి తరఫున సేన నడిపినవాడు ఖడ్గతిక్కన. భారతం రాసిన తిక్కన సోమయాజి కుటుంబం వాడే. సేన చెదిరిపోతే మళ్ళీ బలగం కూడగట్టుకుందామని ఇంటికొచ్చాడంటారు. భార్య చానమ్మ కేకలు వేయలేదు. స్నానానికి నీళ్ళు తోడి, మంచం అడ్డంపెట్టి, ఆడవాళ్ళ స్నానానికి పెట్టినట్టు పక్కన పసుపు ముద్ద ఉంచింది. ఇదేమిటని అతను అడిగితే ఆమె చెప్పినట్టు ప్రచారంలో ఉన్న పద్యం ఇది:

పగరకు వెన్నిచ్చినచో
నగరే నిను మగతనంపు నాయకు లెందున్
ముగు రాడువార మైతిమి
వగపేటికి జలకమాడ వచ్చినచోటన్

శత్రువుకు వెన్ను చూపితే సాటి వీరులు నవ్వరా? ఇంట్లో అత్తా నేనూ ఆడవాళ్ళం, నీతో కలిపి ముగ్గురమయ్యాం. స్నానం చేసే చోట ఇంక బాధెందుకు? ఇదీ భావం.

తర్వాత భోజనానికి కూర్చున్నాడు. తల్లి ప్రోలమ్మ వడ్డిస్తోంది. విస్తట్లో పోసిన పాలు విరిగి ఉన్నాయి. కొడుకు తలెత్తి చూశాడు. ఆమె చెప్పిన పద్యంలో ఆఖరి పాదం ఇది:

పసులున్ విరిగినవి తిక్క, పాలున్ విరిగెన్

నువ్వు యుద్ధం నుంచి విరిగి వచ్చావు, పశువులూ విరిగి వచ్చాయి, పాలూ విరిగాయి.

ఈ పాదం దగ్గర కాసేపు ఆగండి. పైకి గట్టిగా చదవండి. పద్యం పైపాదాల్లో ‘మగపంద’ అన్న మాట ఉన్నా, ఈ పాదంలో ‘పిరికివాడా’ అన్న మాట లేదు. కొడుకును పేరు పెట్టి పిలిచింది, పాలు విరిగాయని చెప్పింది. పాల గురించి చెప్తున్నట్టే ఉంటుంది, కానీ దెబ్బంతా ఆ చివరి రెండు మాటల్లోనే ఉంది. పశువుల సంగతి ముందు వచ్చి పాల సంగతి తర్వాత వచ్చిన వరస కూడా గమనించండి. యుద్ధభూమి నుంచి ఇంటికి, ఇంట్లోంచి విస్తట్లోకి మాట దగ్గరదగ్గరకు జరుగుతూ వచ్చి, సరిగ్గా అతని చెయ్యి ఉన్న చోట ఆగింది. అతను జవాబు చెప్పడానికి చోటు మిగల్లేదు. ఇప్పుడు విస్తరిని తీసేసి ఆ పాదం ఒక్కటే నల్లబల్ల మీద రాయండి. పాలు విరిగాయట, అయితే ఏం? అనిపిస్తుంది. కుడి పేజీ ఎందుకు కావాలో ఇంతకన్నా గట్టిగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

అత్తాకోడళ్ళ మాటల్లో ఏది గొప్పదని మీరడిగితే నేను ప్రోలమ్మ వైపే నిలబడతాను. చానమ్మ పద్యం చురుకైనదే, సందేహం లేదు. కానీ అందులోని ఎత్తిపొడుపు, ఆడదానితో సమానం కావడం మగవాడికి సిగ్గుచేటు అనే భావం మీద నిలబడింది. ఈ రోజు మన ఆడపిల్లల చేత సభలో ఆ పద్యం చెప్పిస్తే, వాళ్ళను వాళ్ళే తక్కువ చేసుకున్నట్టవుతుంది. తల్లి చెప్పిన ఆఖరి పాదానికి ఆ అవసరం రాలేదు. అక్కడ ఎవరినీ తక్కువ చేయకుండా కళ్ళెదుట ఉన్నదాన్ని చూపించి ఊరుకుంది. మీ నోటుబుక్కులోకి రెండూ ఎక్కించండి, సభలో చెప్పడానికి మాత్రం రెండోదాన్ని ఎంచుకోండి.

కుడి పేజీలో ఆ తర్వాత జరిగింది కూడా రాయాలి. ఖడ్గతిక్కన తిరిగి యుద్ధానికి వెళ్ళాడు, అక్కడే చనిపోయాడు. ఆ కుటుంబం కథ తెలిసి చెప్పేవాడి గొంతు, పాలు విరిగిన చమత్కారం దగ్గర ఒకలా, ఈ వాక్యం దగ్గర మరోలా ఉంటుంది. ఉండాలి కూడా.

నా నోటుబుక్కులో ఆ పేజీ ఇలా ఉంది, చూడండి. ‘ఎవరు: ప్రోలమ్మ, ఖడ్గతిక్కన తల్లి. ఎవరితో: కొడుకుతో. ఎప్పుడు: యుద్ధం నుంచి వెనక్కి వచ్చి భోజనానికి కూర్చున్నప్పుడు. ఎదురుగా ఉన్నది: విరిగిన పాలు. తర్వాత: కొడుకు మళ్ళీ వెళ్ళి ప్రాణం వదిలాడు. ఎలా అందింది: చాటువు, ప్రతీతి.’

ఆ చివరి మాట ముఖ్యం. చాటువులు నోటి నుంచి నోటికి వచ్చినవి. వాటిని రాతపత్రం ఉన్నవాటితో కలపకూడదు. అందుకని ప్రతి మాట పక్కనా మూడు గుర్తుల్లో ఒకటి వేసుకోమని చెప్తాను. ఆమె రాసిన పుస్తకంలోనో, చేసిన ప్రసంగంలోనో మాట దొరికితే ‘ఖాయం’. లోకం చెప్పుకుంటోంది గాని మూలం చూపలేకపోతే ‘ప్రతీతి’. ఆమె అనలేదని తేలితే ‘కాదు’.

‘కాదు’ గుర్తుకు మచ్చుతునక ఫ్రాన్సు రాణి మేరీ ఆంత్వానెత్. జనానికి రొట్టె లేదంటే ‘కేకు తినమనండి’ అందని మన పాఠ్యపుస్తకాల పక్కన కూర్చున్న గైడ్లు కూడా చెప్తాయి. ఆ కథను రచయిత రూసో తన ఆత్మకథలో, పేరు చెప్పకుండా ‘ఒక గొప్ప రాకుమారి’ అన్నదిగా రాశాడు. ఆ భాగం రాసేనాటికి 1755లో పుట్టిన మేరీ ఆంత్వానెత్ ఇంకా ఆస్ట్రియాలో ఉన్న చిన్నపిల్ల. అనని మాటకు ఆమె ఇన్నేళ్ళుగా నింద మోస్తోంది. ఇకమీదట మనమైనా ఆ బరువు ఆమె మీద పెట్టొద్దు.

‘ప్రతీతి’కి సరోజినీ నాయుడు మాట తీసుకోండి. గాంధీజీని పేదరికంలో ఉంచడానికి ఎంత ఖర్చవుతోందో ఆయనకు తెలిస్తే బాగుండును అని ఆమె అన్నట్టు చెప్పుకుంటారు. ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు కాబట్టి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకుండా, ‘అన్నారని చెప్తారు’ అని కలిపి చెప్పండి. గాంధీజీని ఆమె ‘మిక్కీ మౌస్’ అని పిలిచేదన్నది ప్రసిద్ధమే. అంత చనువుంది కాబట్టే ఆ వేళాకోళం కూడా ఆమెదే అంటే ఎవరికీ అనుమానం రాదు.

‘ఖాయం’ గుర్తు పడింది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. మాట నిజంగా ఆమెదే అయినా అర్థం తలకిందులైన సందర్భాలున్నాయి. ‘బుద్ధిగా నడుచుకునే ఆడవాళ్ళు చరిత్రలోకి ఎక్కడం అరుదు’ అనే వాక్యం టీషర్టుల మీద, కప్పుల మీద కనిపిస్తుంటుంది. కింద కొన్నిసార్లు హాలీవుడ్ తార మార్లిన్ మన్రో పేరు ఉంటుంది. రాసింది అమెరికా చరిత్రకారిణి లారెల్ థాచర్ ఉల్రిచ్, 1976లో ఒక పరిశోధన వ్యాసంలో. పాత కాలపు క్రైస్తవ స్త్రీలు చనిపోయినప్పుడు చేసిన ప్రసంగాల గురించిన వ్యాసమది. ఇల్లూ, ప్రార్థనా, ఇరుగుపొరుగు సాయం అంటూ నెమ్మదిగా బతికిన ఆడవాళ్ళను చరిత్రకారులు పట్టించుకోలేదే అన్నది ఆమె బాధ. లోకం దాన్ని ‘బుద్ధిగా ఉండొద్దు, తిరగబడు’ అనే పిలుపుగా మార్చుకుంది. తిరగబడమనడం తప్పని నేననను. కాకపోతే ఆమె ఎవరి తరఫున మాట్లాడిందో ఆ నెమ్మదైన ఆడవాళ్ళే ఈ కొత్త అర్థంలో మళ్ళీ కనిపించకుండా పోయారు. తర్వాత ఆమె మార్తా బల్లార్డ్ అనే పల్లెటూరి మంత్రసాని దినచర్య పుస్తకం ఆధారంగా చరిత్ర రాసి పులిట్జర్ బహుమతి అందుకుంది. తన వాక్యానికి తానే ఇచ్చిన జవాబుగా నాకా పుస్తకం కనిపిస్తుంది.

రోజా పార్క్స్ కథలో లోకం చేసిన పొరపాటు మరో రకం. 1955 డిసెంబరు 1న అమెరికాలోని మాంట్‌గోమరీ పట్నంలో బస్సులో తెల్లవాడికి సీటు వదలనన్న నల్లజాతి కుట్టుపనిమనిషి. పాపం, రోజంతా పనిచేసి కాళ్ళు లాగి లేవలేకపోయిందని చాలాకాలం చెప్పుకున్నారు. 1992లో వచ్చిన ఆత్మకథలో ఆమె ఆ మాట దిద్దింది. ఒంటికి రోజూ ఉండే అలసటే తప్ప కొత్తదేమీ లేదనీ, లొంగిపోయి లొంగిపోయి విసిగిపోవడమే తన అలసట అనీ రాసింది. లోకం చూపిన జాలిని ఆమె ఒక్క వాక్యంతో వెనక్కి ఇచ్చేసింది. ఈ మాట సభలో చెప్పేటప్పుడు ముందు ఆ జాలి కథ చెప్పి, ఆ తర్వాతే ఆమె వాక్యం చెప్పండి. వరస మారితే పదును పోతుంది.

పేరే లేని మాటల సంగతి? ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వూల్ఫ్ 1929లో, సంతకం పెట్టకుండా అన్ని కవితలు రాసిన ఆ అజ్ఞాత కవి తరచుగా ఒక స్త్రీయే అయి ఉంటుందని తన ఊహ అంది. మన జిల్లాలో ఈ మాటకు రుజువు వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. అక్షరాస్యత తరగతుల్లో ‘సీతమ్మ కథ’ చదివిన దూబగుంట ఆడవాళ్ళు, ఇది మన కథే కదా అనుకుని 1992లో ఊళ్ళో సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు మనందరికీ తెలుసు. ఆమె పక్కన నిలబడి సారా వేలంపాటలు ఆపించిన వాళ్ళలో ఎక్కువమంది పేర్లు తెలియవు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఒక వాచకంలోని పాఠం అంత దూరం నడిచింది. ఆ రోజుల్లో దుకాణాల ముందు, సర్కారు కచేరీల ముందు ఆ ఆడవాళ్ళు అన్న మాటలు ఇంకా కొందరి నోళ్ళలో ఉన్నాయి. రాసుకునేవాళ్ళే కావాలి.

పోయిన పాఠం అభ్యాసానికి జవాబు. ‘ఒక బిడ్డ, ఒక గురువు, ఒక పుస్తకం, ఒక కలం ప్రపంచాన్ని మార్చగలవు’ అన్న మలాలా మాటకు కుడి పేజీ నింపమన్నాను. 2013 జులై 12న, తన పదహారో పుట్టినరోజున, ఐక్యరాజ్యసమితిలో చేసిన ప్రసంగం. అంతకు తొమ్మిది నెలల ముందు బడి నుంచి వస్తుండగా ఆమె తలకు తూటా తగిలింది. ఆ సంగతి లేకుండా ఆ వాక్యం మామూలు నినాదంలా వినిపిస్తుంది. గుర్తు: ఖాయం.

ఈ పాఠానికి రెండు అభ్యాసాలు.

మొదటిది చదవడం. నెల్లూరులో 1923లో కస్తూరిదేవి విద్యాలయం స్థాపించిన పొణకా కనకమ్మ ఆత్మకథ ‘కనకపుష్యరాగం’ సంపాదించండి. లైబ్రరీలో అడగండి, లేకపోతే తెప్పించమనండి. ఎక్కడైనా పది పేజీలు చదివి, మీకు నచ్చిన ఒక్క వాక్యం ఎత్తి రాయండి. అక్షరం మార్చొద్దు, పేజీ నంబరు వేయండి. ఆ వాక్యానికి ముందు పేజీ, తర్వాత పేజీ మళ్ళీ చదివి కుడి పక్క నింపండి.

రెండోది అడగడం. సారా ఉద్యమం నాటికి వయసొచ్చిన ఒక అవ్వనో, పెద్దమ్మనో పట్టుకోండి. కావలి, కలిగిరి, ఉదయగిరి, కందుకూరు వైపు వాళ్ళకయితే ఇంట్లోనే దొరకొచ్చు. ‘ఉద్యమం గురించి చెప్పు’ అని అడిగితే వాళ్ళు వార్తల్లో విన్నదే చెప్తారు. ‘అవ్వా, ఆ రోజు అంగడికాడ నువ్వేమన్నావు, వాళ్ళేమన్నారు?’ అని అడగండి. ఆమె ‘ఎట్టా’ అంటే ‘ఎట్టా’ అనే రాయండి, ‘ఎలా’ అని దిద్దొద్దు. ‘యాడ’ను ‘ఎక్కడ’ చేయొద్దు. తిట్టుంటే తిట్టూ రాయండి. రాసింది ఆమెకు చదివి వినిపించి, తన పేరు పెట్టొచ్చో లేదో అడగండి. వద్దంటే ఊరి పేరు చాలు.

వచ్చే పాఠంలో ఈ మాటల్ని సభలో ఎలా చెప్పాలో చూద్దాం: మాటకు ముందు ఎంతసేపు కథ చెప్పాలి, ఎక్కడ ఆపాలి, జనం నవ్వుతుంటే ఎంతవరకు ఆగాలి. నోటుబుక్కులో కనీసం రెండు కుడి పేజీలు నింపుకుని రండి, వాటితోనే పని.