మోడల్ ఇంజన్‌కి సూపర్‌ఛార్జర్: స్టార్ట్ చేసే ముందు జాగ్రత్తలు

- ముందుగా కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, ఇంధనం ఎంతగా నొక్కుకుంటాయో) చూడండి, అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. సూపర్‌ఛార్జర్ క్రాంక్‌షాఫ్ట్ శక్తితో తిరుగుతూ సిలిండర్‌లోకి అదనపు గాలిని నెడుతుంది. 0.5 బార్ బూస్ట్ (అదనపు గాలి ఒత్తిడి) ఇస్తే 8:1 కంప్రెషన్ నిష్పత్తి ఉన్న ఇంజన్ దాదాపు 12:1 ఇంజన్‌లా ప్రవర్తిస్తుంది. అప్పుడు ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండి, పిస్టన్ కరిగిపోవచ్చు. సిలిండర్ హెడ్ కింద అదనపు షిమ్ (పల్చని లోహపు రింగు) వేసి కంప్రెషన్ తగ్గించండి.

- టూ స్ట్రోక్ ఇంజన్ అయితే మరోసారి ఆలోచించండి. ఎగ్జాస్ట్ పోర్ట్ ఆలస్యంగా మూసుకునే వాటిలో నెట్టిన గాలి చాలావరకు బయటికే పోతుంది. నా సలహా ఫోర్ స్ట్రోకే.

- సూపర్‌ఛార్జర్ రూట్స్ రకమైతే (రెండు రోటార్లు పక్కపక్కనే తిరుగుతూ గాలిని నెట్టేది) రోటార్లను చేత్తో తిప్పండి. ఒకదానికొకటి గానీ, కేసింగ్‌కి గానీ తగలకూడదు. వేడెక్కితే ఆ సందు ఇంకా తగ్గుతుందని గుర్తుంచుకోండి.

- కార్బొరేటర్ సూపర్‌ఛార్జర్‌కి తర్వాత ఉంటే, ఇంధన ట్యాంకుకూ బూస్ట్ ఒత్తిడి గొట్టం ఇవ్వండి. లేకపోతే గాలి, ఇంధన మిశ్రమంలో ఇంధనం తగ్గి అది పల్చబడుతుంది.

- గాలి లోపలికి వెళ్లేచోట సన్నని జాలీ తప్పనిసరి.

- బెల్ట్ బిగుతు, పుల్లీ స్క్రూలు చూశాక రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి. బెల్ట్, ప్రొపెల్లర్ తిరిగే వరుసలో ఎవరూ నిలబడకూడదు.

- మిశ్రమం కాస్త చిక్కగా ఉంచి, మొదట తక్కువ వేగంలోనే నడపండి. టకటక శబ్దం వస్తే వెంటనే ఆపేయండి.