రీలు కెమెరా వదిలి ఫోన్‌తో సిరిమాను ఫొటోలు తీసేవాళ్లకి

నెగటివ్ రీలు వెలుతురు కాస్త ఎక్కువైనా ఓర్చుకునేది, తక్కువైతేనే నీడల్లో ఏమీ మిగిలేది కాదు. ఫోన్‌లో ఇది తిరగబడుతుంది. తెల్లగా పేలిపోయిన చోట వివరం మళ్లీ రాదు, నీడల్ని మాత్రం తర్వాత కొంతవరకు లేపుకోవచ్చు.

విజయనగరం పైడితల్లి జాతరలో ఆకాశం ముందు సిరిమాను (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) మీద పూజారి నల్లగా కనిపిస్తారు. వేలు ఆయన మీదికే పోతుంది, పాత అలవాటు మరి! వద్దు. మబ్బు మీద నొక్కిపట్టి వెలుతురు, ఫోకస్ లాక్ చేయండి (మాను దూరంగానే ఉంటుంది కాబట్టి ఫోకస్ చెడదు). చాలా ఫోన్లలో పక్కనే సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కొంచెం కిందికి లాగి వెలుతురు తగ్గించండి. పూజారి సంగతి ఇంటికొచ్చాక ఎడిటింగ్‌లో షాడోస్ పెంచి చూసుకోవచ్చు. రా ఫార్మాట్ (కెమెరా పట్టిన వివరాన్ని ఎక్కువగా దాచుకునే ఫైలు) ఉంటే ఇంకా మేలు. రీలుకి 36 ఫొటోలన్న లెక్క ఎలాగూ లేదు, మాను కదులుతున్నంతసేపూ నొక్కుతూనే ఉండండి.