సగం బిగించిన బోల్టు: ఇంట్లో కిట్ కారు కట్టేవాళ్ళకి జాగ్రత్తలు

జాకీ జారి మనిషి కారు కింద నలిగిపోయాడన్న వార్త వచ్చినప్పుడల్లా, షెడ్డులో కిట్ కారు (విడి భాగాలుగా కొని ఇంట్లోనే కలిపి కట్టుకునే కారు) కట్టుకుంటున్నవాళ్ళ ఇళ్ళల్లో నాలుగు రోజులు అదే మాట నడుస్తుంది. ఎత్తిన కారుని మోసే స్టాండ్లు కొంటారు, కింద దూరేముందు రెండుసార్లు చూసుకుంటారు. ఆ భయం ఉండాల్సిందే, దాని సంగతీ కింద రాస్తున్నాం. కళ్ళద్దాలు పెట్టుకోండి, చెప్పులతో పని చేయకండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోవడం లేదు. కానీ ఇంట్లో కట్టిన కార్లలో మనుషుల్ని ముంచేది, పైకి ప్రమాదంలా అసలు కనిపించనిది ఇంకొకటి ఉంది. సగం బిగించి వదిలేసిన బోల్టు.

సెలవు రోజు సాయంత్రం కింది విష్‌బోన్ (చక్రాన్ని కారు చట్రానికి కలిపే చెయ్యి) ఎక్కిస్తారు. బోల్టు దూర్చి, నట్టు పెట్టి, పానాతో తిప్పుతూ ఉంటారు. లోపల్నుంచి పిలుపు వస్తుంది. పిల్లాడు పడ్డాడనో, చుట్టాలొచ్చారనో, భోజనానికి రమ్మనో. పానా కింద పెట్టి వెళ్ళిపోతారు. మళ్ళీ షెడ్డు తలుపు తీసేది వచ్చే వారం, ఒక్కోసారి నెల తరవాత. ఈలోపు ఆ విష్‌బోన్ మీ బుర్రలో అయిపోయిన పనుల ఖాతాలో పడిపోతుంది. చూస్తే బోల్టు ఉంది, నట్టు ఉంది, ఊపితే కదలదు. దాని పక్కన షాక్ అబ్సార్బర్ వస్తుంది, హబ్ వస్తుంది, చక్రం వస్తుంది. ఇక ఆ బోల్టు వంక ఎవరూ చూడరు.

నైలాక్ నట్టుతో ఇంకో మోసం ఉంది. దాని తలలోని నైలాన్ రింగు మరలకి తగలగానే పానా చేతికి బరువుగా వస్తుంది. అది బిగువు కాదు, నైలాన్ రాపిడి. నట్టు ఇంకా బ్రాకెట్‌ని తాకనే లేదు, వాషరుని గోటితో తోస్తే గిర్రున తిరుగుతుంది. చేతికి మాత్రం గట్టిగానే ఉన్నట్టు తెలుస్తుంది. మామూలు నట్టయితే చేతివేళ్ళకే దొరికిపోయేది. అందుకే నైలాక్ దగ్గర చేతి అంచనాని నమ్మకండి.

బోల్టు రెండు ముక్కల్ని కలిపి ఉంచేది ఊరికే అడ్డం ఉండటం వల్ల కాదు. సరైన టార్క్‌తో (తిప్పే బలంతో) బిగించినప్పుడు అది కాస్త సాగి, వెనక్కి లాగుతూ రెండు వైపుల్నీ నొక్కి పట్టుకుంటుంది. ఆ నొక్కుడు వల్ల పుట్టే రాపిడే బరువుని మోస్తుంది. నొక్కుడు లేకపోతే గుంత వచ్చిన ప్రతిసారీ బ్రాకెట్ వెంట్రుకవాసి జరుగుతుంది, బోల్టు వంగి మళ్ళీ నిటారవుతుంది, రంధ్రం కోలగా అరుగుతుంది. చివరికి అలసిన బోల్టు తెగుతుంది. తెగేది కారు షెడ్డులో నిలబడి ఉన్నప్పుడు కాదు, బ్రేకు గట్టిగా తొక్కినప్పుడో మలుపులోనో.

పిలుపు వచ్చినప్పుడు

రూలు ఒక్కటే. బిగిస్తే పూర్తిగా బిగించండి, లేదంటే ఊడదీసి బల్ల మీద పెట్టండి. మధ్యలో ఇంకో స్థితి లేదు.

ఇంట్లోవాళ్ళతో ముందే మాట్లాడుకోండి. "ఒక్క బోల్టు" అని మీరు అరిస్తే రెండు నిమిషాలు ఆగాలని వాళ్ళకి తెలియాలి. నిజంగా అత్యవసరమైతే వాళ్ళు ఆ మాట వినక్కర్లేదు, మీరూ అలాగే లేచి పరిగెత్తండి. కానీ వెళ్తూ వెళ్తూ ఆ పానాని ఆ నట్టుకే వేలాడదీసి వెళ్ళండి. తిరిగొచ్చేసరికి పానా ఎక్కడ ఉంటే పని అక్కడ ఆగిందన్నమాట. పానాని సర్దేసి, బోల్టుని సగంలో వదలడమే అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. శుభ్రంగా ఉన్న బల్ల మిమ్మల్ని నమ్మించేస్తుంది.

గంట కూడా దొరకదనుకున్న రోజు బ్రేకు, స్టీరింగ్, సస్పెన్షన్ ముట్టుకోకండి. ఆ రోజు వైర్లకి పేర్లు అంటించండి, అల్యూమినియం రేకుల అంచులు ఆకురాయితో గుండ్రం చేయండి, రేపటికి కావలసిన బోల్టులు పొడవు చూసి డబ్బాల్లో వేయండి. మధ్యలో వదిలేసినా ప్రాణం మీదికి రాని పనులు ఇలాంటివి బోలెడు ఉంటాయి. పిల్లలు పడుకున్నాక, నిద్ర ఆపుకుంటూ చేసే పనికీ ఇదే లెక్క.

కావాలనే వదులుగా ఉంచేవి

జాగ్రత్తపరులు కూడా చిక్కుకునేది ఇక్కడే. లోహపు గొట్టానికి రబ్బరు అతికి ఉండే బుష్‌లు (కీలులో కుదుపు తగ్గించే తొడుగులు) ఉన్న బోల్టుల్ని, కారు గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. సస్పెన్షన్ వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టుబడిపోతుంది. కారు చక్రాల మీద దిగగానే మెలితిరిగి, రోజూ అలా మెలితిరిగే ఉండి, త్వరలో చిరుగుతుంది. కారు ఎత్తూ తప్పుగా వస్తుంది. అందుకని కారు తన బరువుతో చక్రాల మీద నిలబడ్డాక, ఎత్తు సరిచేసుకున్నాక, సీట్లో మనిషి బరువుంచి బిగించాలి. అంటే ఇంజిన్ రావాలి, బాడీ రావాలి. నెలలు పడుతుంది.

ముందువైపు నాలుగు విష్‌బోన్‌లకే లోపలి పక్కన ఎనిమిది బుష్‌లు ఉంటాయి. అన్నీ న్యాయంగానే వదులుగా ఉన్నాయి. వాటిలో ఒకటి చివరి రోజు మరిచిపోవడానికి ఎంత సేపు?

ఇలాంటి ప్రతి బోల్టుకీ బిగించకముందు ఎర్ర టేపు చుట్టండి. తోక బెత్తెడు వేలాడాలి, కారు పక్కన నిలబడితే కనిపించాలి. ఎన్ని టేపులు చుట్టారో షెడ్డు గోడ మీద పెద్ద అంకెల్లో రాయండి. బిగించాక తీసిన టేపులన్నీ ఒక డబ్బాలో వేసి లెక్కపెట్టండి. గోడ మీది అంకె, డబ్బాలోని టేపులు సరిపోకపోతే కారు షెడ్డు దాటకూడదు. పాలీయూరిథేన్ బుష్‌లు లోపలి గొట్టం చుట్టూ తిరుగుతాయి కాబట్టి వాటికి ఈ బాధ లేదు, స్టాండ్ల మీదే బిగించుకోవచ్చు. మీ కిట్‌లో ఏవి వచ్చాయో మాన్యువల్‌లో చూసుకోండి.

గుర్తులు

టార్క్ రెంచ్ (పెట్టిన టార్క్‌కి చేరగానే క్లిక్‌మనే పానా) క్లిక్‌మన్న మరుక్షణం, చెయ్యి తీయకముందే, పసుపు పెయింట్ పెన్నుతో బోల్టు కొస నుంచి నట్టు మీదుగా బ్రాకెట్ దాకా ఒకే గీత గీయండి. నట్టు ఎప్పుడు కాస్త తిరిగినా ఆ గీత విరిగి కనిపిస్తుంది. గీత లేని బోల్టు బిగించని బోల్టే. "ఇది బిగించినట్టు గుర్తుందే" అన్నది చెల్లదు, మళ్ళీ రెంచ్ పెట్టండి. ముందు గీతలు గీసేసి తరవాత ఒకేసారి బిగిద్దామనుకోకండి. అలా చేసినవాడికి గీత వల్ల ఉపయోగం లేకపోగా, ఎదురు మోసం.

ముక్కలన్నీ సరిగ్గా కూర్చుంటున్నాయా అని చూసే తొలి విడతలో సాదా నట్లు వాడండి. నైలాక్‌లని వేరే డబ్బాలో మూతపెట్టి ఉంచి, టార్క్ రెంచ్ చేతిలో ఉన్నప్పుడే తెరవండి. అప్పుడు కారు మీద ఎక్కడ సాదా నట్టు కనిపించినా అక్కడ పని మిగిలి ఉందని దూరం నుంచే తెలుస్తుంది. ఖర్చూ తగ్గుతుంది, ఎందుకంటే ఒకసారి ఊడదీసిన నైలాక్‌ని మళ్ళీ వాడకూడదు. రింగు అరిగి పట్టు పోతుంది.

టార్క్ ఎంతన్నది మాన్యువల్ మాటే చివరి మాట. దాంట్లో లేకపోతే, 8.8 గ్రేడు ఉక్కు బోల్టుకి పొడి మరల మీద ఎం8కి (8 మిల్లీమీటర్ల లావు బోల్టుకి) సుమారు 25, ఎం10కి 50, ఎం12కి 85 న్యూటన్ మీటర్లు. అల్యూమినియంలోకి దిగే బోల్టులకి ఈ అంకెలు వాడకండి. మరలకి నూనె రాస్తే అదే టార్క్‌కి బోల్టు చాలా ఎక్కువ సాగుతుంది, తెగే దాకా కూడా పోవచ్చు. క్లిక్ ఒక్కసారే వినాలి. నమ్మకం కోసం రెండు మూడుసార్లు క్లిక్ కొట్టించేవాళ్ళు ప్రతిసారీ ఇంకాస్త బిగిస్తున్నారు. పని కాగానే రెంచ్‌ని కనిష్ఠ అంకెకి తిప్పి పెట్టండి. దాంతో బోల్టులు ఊడదీయకండి.

కారు కింద

జాకీ ఎత్తడానికి, మోయడానికి కాదు. లోపల ఒక్క రబ్బరు సీలు జారినా నిశ్శబ్దంగా దిగిపోతుంది. గట్టి కాంక్రీటు నేల మీద నాలుగు స్టాండ్లు, ఛాసిస్ గొట్టాలు కలిసే కీళ్ళ దగ్గర, మధ్యలో చెక్కముక్క వేసి. పలచని చదరపు గొట్టం నడిమధ్యన పెడితే నొక్కుకుపోతుంది. ఇటుకలు, సిమెంటు దిమ్మలు వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. దూరేముందు పక్కనుంచి ఒళ్ళు బలమంతా పెట్టి కారుని తొయ్యండి. పడాల్సింది ఉంటే అప్పుడే పడుతుంది.

కిట్ కారుకి ప్రత్యేకంగా ఒకటుంది. కారు కట్టే కొద్దీ బరువు చోటు మారుతుంది. ఖాళీ ఛాసిస్‌కి సరిపోయిన స్టాండ్ల స్థానం, ఇంజిన్, గేర్‌బాక్స్ దిగాక సరిపోదు, ముందుకి తూగుతుంది. ఇంజిన్ పెట్టిన రోజు, తీసిన రోజు స్టాండ్లు మళ్ళీ చూసుకోవాల్సిందే. స్టాండ్ల మీదున్న కారులో పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీయకండి.

ఇంజిన్ ఎత్తే క్రేన్ మీద రాసిన టన్ను, దాని చెయ్యి పూర్తిగా లోపలికి ఉన్నప్పటి లెక్క. చాలా క్రేన్లలో ఒక టన్నుది చెయ్యి చివరిదాకా చాపితే పావు టన్నే ఎత్తుతుంది. చేతి మీద ప్రతి రంధ్రం పక్కన రాసి ఉంటుంది, చదవండి.

ఇక మిగతావి, వరస లేకుండా.

బోల్టు తల పైకి లేదా ముందుకి ఉండేలా దూర్చండి. నట్టు ఊడినా బోల్టు అక్కడే మిగిలే అవకాశం ఉంటుంది.

నైలాన్ రింగు దాటి కనీసం ఒక పూర్తి మర బయటికి రావాలి. రాకపోతే బోల్టు పొట్టిది, మార్చండి.

స్టీరింగ్ షాఫ్ట్ కీలు దగ్గర బిగించే బోల్టు, షాఫ్ట్ మీది గాడిలోంచి పోవాలి. షాఫ్ట్ సరిపడా లోపలికి వెళ్ళకపోతే బోల్టు దాని కొస దాటి ఖాళీలో బిగుసుకుంటుంది, టార్క్ క్లిక్ కూడా అంటుంది, ఒకరోజు స్టీరింగ్ చేతికొస్తుంది. టార్చి వేసి కళ్ళతో చూడండి.

బ్రేకు పైపుల నట్లు చేత్తో మొదలుపెట్టి వదిలేయకండి. ఇదీ సగం బోల్టే. ఆయిల్ నింపాక పెడలుని నిమిషం పాటు గట్టిగా తొక్కి పట్టి, ఇంకొకరు ప్రతి కీలునీ తెల్లకాగితంతో తుడిచి చూడాలి.

బ్యాంజో బోల్టుకి (బ్రేకు పైపుని బిగించే, మధ్యలోంచి ఆయిల్ పోయే బోలు బోల్టు) రెండు పక్కలా కొత్త రాగి వాషర్లు. పాతవి వద్దు.

డాట్ 4 బ్రేకు ఆయిల్ గాలిలోని తేమని పీలుస్తుంది. తెరిచి నెలలైన సీసా పారేయండి. డాట్ 5 సిలికాన్‌ది, దాంతో కలపకండి.

బ్రేకు ఆయిల్, కూలెంట్ తాగే నీళ్ళ సీసాల్లో పోయకండి. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, పిల్లల ప్రాణం తీస్తుంది. పెంపుడు జంతువులదీ అంతే.

షెడ్డుకి తాళం. ప్రతిసారీ.

క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ముక్కని వెల్డింగ్ చేయకండి. ఆ వేడికి ఫాస్జీన్ పుడుతుంది. అది విషవాయువు.

ఫైబర్‌గ్లాస్ రెసిన్‌ని గట్టిపరిచే హార్డెనర్‌ని, ఆ పనిని వేగం చేసే కోబాల్ట్ యాక్సిలరేటర్‌తో నేరుగా కలపకండి. పేలుతుంది.

ఫైబర్‌గ్లాస్ కోసిన బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి.

డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర చేతి తొడుగులు వద్దు. ఉంగరం, వాచీ బ్యాటరీ దగ్గర వద్దు.

బ్యాటరీ నెగటివ్ ముందు తీయండి, చివర పెట్టండి. పెద్ద వైరుకి ఫ్యూజు బ్యాటరీ పక్కనే.

రేకులోంచి పోయే ప్రతి వైరుకీ, పైపుకీ రబ్బరు గ్రోమెట్ (రేకు అంచు కోయకుండా రంధ్రానికి తొడిగే రింగు).

పెట్రోలు పైపు క్లిప్పులు తొలి స్టార్ట్‌కి ముందు ఒక్కొక్కటీ స్క్రూడ్రైవర్ పెట్టి చూడండి. మంట ఆర్పే సిలిండర్ చేతికందేంత దూరంలో.

తొలి స్టార్ట్ తలుపులు తెరిచి, వీలైతే కారు బయటికి తోసి. మూసిన షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాదు.

స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌తో తిప్పాకే ఇంజిన్ వెలిగించండి.

తనిఖీకి వచ్చే అధికారి మీ బోల్టుల మీద టార్క్ రెంచ్ పెట్టడు. ఆయన పాస్ చేశాడంటే బోల్టులు బిగిశాయని కాదు.

తొలి పరుగు ముందు రోజు వేరే మనిషిని పిలిచి, మీరు నోరు మెదపకుండా, ఆయన చేత ప్రతి పసుపు గీతనీ చూపించుకోండి. మీ కళ్ళు చూడాలనుకున్నదే చూస్తాయి.

తొలి పరుగులో ఒక్కరే ఉండాలి. పిల్లలు వద్దు, ఎంత ఏడ్చినా వద్దు.

80 కిలోమీటర్ల దగ్గర చక్రాల నట్లు మళ్ళీ టార్క్ చేయండి. అదే రోజు కిందికి దూరి గీతలన్నీ చూడండి.

విరిగిన గీత కనిపిస్తే నట్టుని మళ్ళీ బిగించి ఊరుకోకండి. బోల్టు తీయండి, రంధ్రం కోలగా అరిగిందేమో చూడండి, కొత్త బోల్టు, కొత్త నట్టు వేయండి. అది సగంలో ఆగిన పని అయితే, అదే రోజు అదే మూలలో చేసిన మిగతా బోల్టులన్నీ కూడా తీసి చూడండి.