మిర్చితో మూడో తరగతి: పిల్లల లక్ష్యాలు, రెండు వారాల అంశం ఎలా నడపాలి?

తరగతిలో ఒక అంశం పట్టుకుని పాఠాలు చెప్పేటప్పుడు చాలామంది ముందు అంశం ఎంచుకుంటారు, గోడలనిండా చార్టులు అంటిస్తారు. చూడ్డానికి బాగుంటుంది గానీ, పిల్లలకు కొత్తగా ఏమొచ్చిందంటే చెప్పలేం. ముందు ఏం రావడం లేదో తేల్చుకోండి, అంశం తర్వాత. మూడో తరగతి పిల్లలు ఎక్కువగా తడబడేది ఒత్తు పదాల దగ్గర, అప్పు తెచ్చుకునే తీసివేతల దగ్గర. గుంటూరు పిల్లలకైతే ఈ రెంటికీ మిర్చిని మించింది లేదు. కల్లాల్లో కాయలు ఎండే ఫిబ్రవరి, మార్చి నెలల్లో 12 పనిదినాలు కేటాయించండి.

మొదటి రెండు రోజులు: ఎవరెక్కడున్నారు?

ఒక కాగితం మీద 20 పదాలు రాయండి. ముందు ద్విత్వాలు: ఎర్ర, పచ్చడి, తొక్కు, కల్లం. తర్వాత సంయుక్తాలు: మిర్చి, బస్తా, మార్కెట్. ఒక్కొక్కరినీ పిలిచి ఒక నిమిషం చదివించి, ఎన్ని వచ్చాయో మీ పుస్తకంలో వేసుకోండి. పిల్లలకు మార్కుల్లా చెప్పొద్దు. తీసివేతలు అందరికీ ఒకేసారి పలక మీద పది ఇస్తే చాలు.

లక్ష్యం పిల్లల నోటితోనే

‘బాగా చదువుతాను’ అనేది లక్ష్యం కాదు, అయిందో లేదో పిల్లలకే తెలియదు. ‘శనివారానికి మరో 5 పదాలు ఎవరూ అందించకుండా చదువుతాను’ అనాలి. 20కి 6 చదివినవాళ్లకూ, 12 చదివినవాళ్లకూ ఆ 5 సరిపోతుంది. 18 దాటినవాళ్లకు పదాలొద్దు, మిర్చి మీద 4 వాక్యాలు రాయమనండి.

చార్టును 16 ముక్కలు చేస్తే ఒక్కొక్కరికి ఒక కార్డు. దాని మీద మిరప మొక్క, 5 ఖాళీ కాయలు గీయించండి. ఒక పదానికి ఒక కాయ. మీరు అందిస్తే చదివినప్పుడు ఆకుపచ్చ రంగు, సొంతంగా చదివినప్పుడు దాని మీదే ఎరుపు. కాయ పండిందన్నమాట! కార్డులు గోడకు తగిలించకండి. వెనకబడినవాళ్లు పక్కవాళ్ల కాయలు లెక్కపెట్టుకుని చిన్నబోతారు. నోటుపుస్తకంలోనే ఉండనివ్వండి.

లెక్కలు

మిర్చి అమ్మే మార్కెట్ యార్డులో వినిపించే 334, 341 మిర్చి రకాల పేర్లే. 341లోంచి 334 తీసేయమనండి. ఒకట్లలో 1లోంచి 4 పోదు, అప్పు తేవాల్సిందే. చాలామంది 4లోంచి 1 తీసేసి 13 అంటారు. అప్పుడు పది పుల్లల కట్ట ఒకటి విప్పించండి, బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా అంతగా ఎక్కదు. బస్తా 40 కిలోలనుకుంటే క్వింటాలుకు రెండు బస్తాలు పోను ఎన్ని కిలోలు మిగులుతాయో రెండో వారంలో అడగండి.

విత్తనాలు మొదటి రోజే

మిరప గింజ మొలకెత్తడానికి వారం, పది రోజులు పడుతుంది. రెండో వారంలో నాటితే మొలక చూడకుండానే అంశం అయిపోతుంది. అడుగున చిల్లు పెట్టిన టీ కప్పులో అర సెంటీమీటరు లోతున గింజలు వేసి, రోజూ రెండు చెంచాల నీళ్లు పోయించండి. అంతకు మించితే కుళ్లిపోతాయి, పిల్లలు మాత్రం ప్రేమకొద్దీ పోస్తూనే ఉంటారు. పక్క కప్పులో పెసలు వేయండి. అవి మూడు రోజుల్లో పైకొస్తాయి, మిరప కోసం ఓపిక పట్టడం తేలికవుతుంది.

ఘాటుతో జాగ్రత్త

గింజలు మీరే తీయండి, కాయ పిల్లల చేతికివ్వొద్దు. మూత బిగించిన పారదర్శక సీసాలో పెట్టి చూపించండి. మధ్యాహ్న భోజనానికి ముందు అసలు వద్దు. మిరప ఘాటు ఒట్టి నీళ్లకు పోదు. చేతికి అంటితే కాస్త నూనె రాసి, తర్వాత సబ్బుతో కడిగించండి. కంట్లో పడితే మాత్రం శుభ్రమైన నీళ్లతోనే బాగా కడగాలి. యార్డుకు పిల్లల్ని తీసుకెళ్లడం కన్నా, అక్కడ కాటా దగ్గర పనిచేసే తల్లినో తండ్రినో తరగతికి పిలిచి 20 నిమిషాలు మాట్లాడించడం మేలు. తుమ్ములతో పాఠం సాగదు.

శనివారం

కార్డు చూసి, అన్ని కాయలూ బుధవారానికే పండి ఉంటే లక్ష్యం చిన్నదైందని అర్థం. వచ్చే వారం పెంచండి. రెండే పండితే 3కు తగ్గించి, వాటిలో పాత పదం ఒకటి ఉంచండి. ఆకుపచ్చ దగ్గరే ఆగిన కాయలుంటే ఆ పదాలు ఏ ఒత్తువో చూడండి. నలుగురైదుగురు ఒకే ఒత్తు దగ్గర ఆగిపోతే సోమవారం మొదటి పది నిమిషాలు దానికే.