చిన్న ట్రస్టుకి డబ్బులు తెచ్చే ఐడియా ఎలా ఆలోచించాలి? (5కె రన్ కాకుండా)

ఏ ట్రస్టు మీటింగ్‌కి వెళ్లినా ఎవరో ఒకరు "ఈసారి ఏదైనా క్రియేటివ్‌గా చేద్దామండీ" అంటారు, అందరూ తలలూపుతారు, అరగంటలో 5కె రన్ దగ్గర తేలతారు. టీషర్టులు, ఫ్లెక్సీలు, సౌండ్ సిస్టమ్ పోగా మిగిలింది లెక్కేస్తే ఆ డబ్బులేవో కమిటీ వాళ్లే తలా ఇంత వేసుకున్నా సరిపోయేది. చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నా.

కావాల్సినవి: తెల్ల కాగితాలు, పెన్నులు, పోయిన ఏడాది ఖర్చుల పుస్తకం, టీ. ప్రొజెక్టర్ వద్దు. ఐదుగురు చాలు, ఏడుగురు దాటితే అది మీటింగ్ కాదు, సభ. పొద్దున్నే పెట్టుకోండి, సాయంత్రం పెడితే ఐడియాల బదులు పకోడీలొస్తాయి.

స్టెప్ 1. పది నిమిషాలు ఎవరూ నోరు మెదపకుండా రాయాలి. ప్రశ్న "డబ్బులు ఎలా తేవాలి" కాదు, "మన ఊరోళ్లు ఇప్పటికే ఎప్పుడెప్పుడు, దేనికి జేబులోంచి తీస్తున్నారు" అని. వినాయక చవితి చందా, పెళ్లిలో చదివింపులు, పుట్టినరోజుకి ఆశ్రమంలో భోజనాలు, వర్ధంతికి అన్నదానం, పదో తరగతి బ్యాచ్ గెట్ టుగెదర్, ఏది గుర్తొస్తే అది. ప్రెసిడెంటు గారు ముందు మాట్లాడితే మిగతావాళ్లంతా అదే రాస్తారు, అందుకే మాటలొద్దంటున్నా.

స్టెప్ 2. అందులోంచి ఒక్కటి పట్టుకోండి. కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు. మిజోరంలో బుహ్‌ఫాయ్ థామ్ అని ఉంది, అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం పక్కన తీసి పెట్టి చర్చికి ఇస్తారు, నూరేళ్లు దాటినా ఇంకా నడుస్తోంది. ఎలాగూ రోజూ చేసే పనికి ముడిపెట్టారు, అంతే. 2014లో ఐస్ బకెట్ ఛాలెంజ్ ఊపేస్తున్నప్పుడు హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి దాన్నే రైస్ బకెట్ చేశారు, నెత్తిన ఐసు నీళ్లు గుమ్మరించుకునే బదులు బకెట్ బియ్యం అవసరమున్నోళ్లకి ఇమ్మని. ఉన్నదాన్ని కాస్త మలుపు తిప్పారు, దేశమంతా పాకింది. ఇక్కడే ఎవరో లక్కీ డ్రా అంటారు. కూర్చోబెట్టండి, ప్రభుత్వ అనుమతి లేకుండా లాటరీ నడపడం నేరం.

స్టెప్ 3. అవసరాన్ని ముక్కలు చేసి రేటు కట్టడం. నూటికి తొంభై మంది బోల్తా పడేది ఇక్కడే, నిదానంగా చదవండి.

"మా ట్యూషన్ సెంటర్‌కి ఏడాదికి మూడు లక్షలు కావాలి" అంటే ఎవడూ ఇవ్వడు, అది వాళ్ల చేతిలో పట్టే సైజు కాదు. తిరుమల అన్నప్రసాదంలో చూడండి, ఒక రోజుకి ఇంత, ఒక పూటకి ఇంత అని ఉంటుంది. మనోళ్లకి బాగా అలవాటైన లెక్క అది, దాన్నే వాడుకోండి. ఉదాహరణకి ముప్ఫై మంది పిల్లల సాయంత్రం ట్యూషన్ అనుకుందాం. నెలకి అద్దె 5,000, ఇద్దరు టీచర్లకి 12,000, గుగ్గిళ్లు, అరటిపళ్లు 6,000, కరెంటు, చాక్‌పీసులు, జిరాక్సులు 2,000. మొత్తం 25,000, క్లాసులు 25 రోజులు. అంటే ఒక సాయంత్రం ఖరీదు వెయ్యి రూపాయలు.

ఇప్పుడు కమిటీలో ఎవరో "గుగ్గిళ్లకి రోజుకి 240 అవుతుంది, అదే అడుగుదాం, చిన్న మొత్తం కదా, పైగా పిల్లలు తింటున్న ఫొటో బాగుంటుంది" అంటారు. అస్సలు ఒప్పుకోవద్దు. గుగ్గిళ్లకి దాతలు క్యూ కడతారు, అద్దెకి ఒక్కడూ రాడు. మార్చికి వచ్చేసరికి స్నాక్స్ ఖాతాలో డబ్బులు మూలుగుతుంటాయి, టీచర్లకి రెండు నెలల జీతం బాకీ ఉంటుంది, గుగ్గిళ్ల కోసమని చెప్పి తీసుకున్నది జీతానికి మళ్లిస్తే అది మాట తప్పడమే. అద్దె, జీతం, కరెంటు బిల్లు అన్నీ ఆ ముక్కలోనే కలిసిపోవాలి. "మీ వెయ్యితో ఒక సాయంత్రం నడుస్తుంది" అంటే అబద్ధం లేదు, ఏ ఖర్చూ అనాథ అవ్వదు.

రేటు మరీ తగ్గించినా ముప్పే. పది రూపాయలంటే వెయ్యి ఇచ్చేవాడు కూడా పది పడేసి పుణ్యం మూటగట్టుకుని వెళ్లిపోతాడు. అలాగే ఒక పిల్లాణ్ని ఒక దాతకి అంటగట్టే పద్ధతి వద్దు. వాడికి మార్కులెందుకు తగ్గాయని ఆ దాత ఫోన్ చేసే రోజొస్తుంది.

ముక్క కుదిరాక దాన్ని తేదీకి కట్టాలి. పెద్ద చార్టు మీద ఏడాదికి 300 గడులు గీయండి, పుట్టినరోజు, పెళ్లిరోజు, వర్ధంతి, ఎవరికి కావాల్సిన రోజు వాళ్లు తీసుకుంటారు. తేదీ సెలవుల్లో పడితే దగ్గర్లోని క్లాసు రోజుకి మారుస్తామని ముందే చెప్పండి, తర్వాత చెబితే గొడవ. ఒకే తేదీ ఇద్దరికి కావాలంటే ఇద్దరి పేర్లూ రాయండి, కానీ రెండో వెయ్యితో ఖాళీ గడి ఒకటి నింపుతామని ఆయనకి చెప్పి మరీ. ఆ సాయంత్రం పిల్లలు బోర్డు మీద దాత పేరు, సందర్భం రాస్తారు. ఆ బోర్డు ఫొటో రాత్రిలోపు వాట్సాప్‌లో వెళ్లాలి. బోర్డు మాత్రమే, పిల్లల మొహాలు కాదు.

స్టెప్ 4. అడగడం. గ్రూపులో ఫార్వర్డ్ పడేస్తే చేతులు జోడించిన ఎమోజీలొస్తాయి, డబ్బులు రావు. ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. "అన్నా, నాన్నగారి వర్ధంతి ఎప్పుడు? ఆ సాయంత్రం క్లాసు ఆయన పేరు మీద నడుపుతాం, వెయ్యి అవుతుంది" అని ఆపేయండి. ఆ తర్వాత మీరు మాట్లాడకూడదు. చాలామంది ఆ మౌనం భరించలేక "మీ ఇష్టం అన్నా, ఐదొందలైనా పర్లేదు" అనేస్తారు. ఫోన్ పెట్టేశాక తేదీ రాసుకోండి, వచ్చే ఏడాది మూడు వారాల ముందే మళ్లీ చేయాలి.

స్టెప్ 5. రసీదు. క్యాష్ అయితే 2,000 దాటితే 80జి (విరాళం ఇచ్చినవాళ్లకి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో దొరికే మినహాయింపు) వర్తించదు, యూపీఐ అడగండి. కొత్త ట్యాక్స్ రెజీమ్‌లో ఉన్నోళ్లకి 80జి మినహాయింపు ఎలాగూ రాదు, అది చూపించి ఊరించకండి. అమెరికాలో ఉన్న బావమరిది పంపుతానంటే ముందు పాస్‌పోర్ట్ ఏ దేశానిదో కనుక్కోండి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉండి సొంత సంపాదనలోంచి ఇస్తే విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పాస్‌పోర్ట్ అయితే మాత్రం మీకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా ఆయన దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు, ఇక్కడి అకౌంట్ నుంచి ఫోన్‌పే కొట్టినా సరే.