వింత కేసు వచ్చిందా, ముందు మందుల తేదీలు రాయండి

అరుదైన జబ్బుల్ని పట్టుకోవాలంటే లావుపాటి పుస్తకాలు కంఠతా వచ్చి ఉండాలని చాలామంది జూనియర్ డాక్టర్లు అనుకుంటారు. అంత అక్కర్లేదు. అంతుపట్టని కేసుల్లో కొన్నింటికి కారణం మనమే రాసిన మందు, ఇంకొన్నింటికి పేషెంటుకి పుట్టుకతో ఉండి, ఆ మందు పడ్డాకే బయటపడిన లోపం. రెండింటినీ పట్టిచ్చేది ఒకటే అలవాటు: ఏ మందు ఏ తేదీన మొదలైంది, ఏ లక్షణం ఏ తేదీన మొదలైంది, ఈ రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకోవడం.

చెప్పినంత సులువు కాదు. "మందులేమైనా వాడుతున్నారా అమ్మా" అంటే "ఏం లేవు సార్" అంటారు. అబద్ధమాడుతున్నారని కాదు, బీపీ బిళ్ల, షుగర్ బిళ్ల, గ్యాస్ బిళ్ల మనవాళ్ల లెక్కలో మందులు కావు, పొద్దున్నే తాగే కాఫీ లాంటివి. అందుకే ప్రశ్న మార్చండి. రోజూ ఏ బిళ్లలు వేసుకుంటారు, ఈ రెండు నెలల్లో కొత్తగా ఏది మొదలుపెట్టారు, ఏది మానేశారు, ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్నారా, నాటు మందు, పసరు ఏమైనా తాగారా అని విడివిడిగా అడగండి. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, ఖాళీవి కూడా, కవర్లో వేసి తెమ్మని చెప్పి టేబుల్ మీద గుమ్మరించండి. అందులో నాలుగు బిళ్లలకి కత్తిరించిన ముక్క ఒకటి తప్పకుండా ఉంటుంది, పేరున్న భాగం మెడికల్ షాపులోనే ఉండిపోయి ఉంటుంది. దాన్ని పక్కన పడేయకండి. షాపుకి ఫోన్ చేసి కనుక్కోండి, చాలాసార్లు దొంగ ఆ ముక్కలోనే దొరుకుతాడు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. వానాకాలం, జ్వరం, ఒంటి నిండా దద్దుర్లు, లివర్ ఎంజైములు పెరిగాయి. ఎవరైనా డెంగ్యూ అనే అంటారు, తప్పేం లేదు. కానీ డెంగ్యూ జ్వరం మామూలుగా వారంలోపు దిగిపోతుంది. ఇది వారం దాటినా తగ్గడం లేదు, ముఖం ఉబ్బింది, ముఖ్యంగా కళ్ల చుట్టూ, మెడ దగ్గర గడ్డలు తగులుతున్నాయి, యాంటీబయాటిక్ మార్చినా జ్వరం అలాగే ఉంది. అప్పుడు మీ తేదీల కాగితం చూసుకోండి. రెండు నుంచి ఎనిమిది వారాల కిందట ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటోన్, లామోట్రిజిన్ లాంటి ఫిట్స్ మందు గానీ, యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ గానీ, కుష్టుకి ఇచ్చే డాప్సోన్, కీళ్లవాతానికి ఇచ్చే సల్ఫాసలజైన్ గానీ మొదలైందంటే, డ్రెస్ సిండ్రోమ్ అనుకునే ముందుకెళ్లండి. డ్రెస్ అంటే మందు వల్ల దద్దుర్లతో పాటు ఇస్నోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) పెరిగి, లోపలి అవయవాలు కూడా దెబ్బతినే రియాక్షన్. ఇది తప్పిపోవడానికి పెద్ద కారణం ఆ వ్యవధే. మందు పడకపోతే వేసుకున్న రోజే తెలుస్తుందని పేషెంటే కాదు, మనలోనూ చాలామంది నమ్ముతారు. నెల రోజులుగా వేసుకుంటున్న బిళ్ల ఇప్పుడెందుకు పడదు అని వాళ్లు అడిగితే, సరిగ్గా నెలకే ఇలా వస్తుందమ్మా అని చెప్పాలి.

డిఫరెన్షియల్ కౌంట్‌ని (ఏ రకం తెల్లకణం ఎంత ఉందో చెప్పేది) శాతంలో చూసి వదిలేయకండి, ఇస్నోఫిల్స్ అబ్సల్యూట్ కౌంట్, అంటే మైక్రోలీటరు రక్తంలో ఎన్నున్నాయో లెక్కేయండి. 700 దాటితే అనుమానం పెరుగుతుంది, 1500 దాటితే ఇంకా బలపడుతుంది. స్మియర్‌లో (గాజుపలక మీద రక్తం చుక్క పరీక్ష) ఎటిపికల్ లింఫోసైట్లు, అంటే రూపు మారిన తెల్లకణాలు ఉన్నాయేమో చూడమని ల్యాబ్‌కి ప్రత్యేకంగా చెప్పండి, అడక్కపోతే రిపోర్టులో రాకపోవచ్చు. ఇస్నోఫిల్స్ మామూలుగా ఉన్నంత మాత్రాన డ్రెస్ కాదని కొట్టిపారేయలేం, కొందరిలో ఆలస్యంగా పెరుగుతాయి, కొందరిలో పెరగవు కూడా. లివర్‌తో పాటు క్రియాటినిన్, మూత్రం, ఈసీజీ చూడండి.

మందు ఆపడమే మొదటి చికిత్స, కన్ఫర్మ్ అయ్యేదాకా ఆగొద్దు. ఫిట్స్ మందు ఆపాలంటే టెన్షన్ సహజం. ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. ఫెనిటాయిన్ పడలేదని కార్బమజెపైన్‌కో ఫినోబార్బిటోన్‌కో మారిస్తే మళ్లీ అదే రియాక్షన్ రావచ్చు, మూడూ ఒకే కుటుంబం. లివర్ అప్పటికే దెబ్బతిని ఉంటే వాల్‌ప్రోయేట్ కూడా మంచి ఎంపిక కాదు. సాధారణంగా లెవెటిరాసెటామ్ వైపు వెళ్తారు, న్యూరాలజిస్టుతో మాట్లాడి మార్చండి. లోపలి అవయవాలు గట్టిగా దెబ్బతింటే స్టెరాయిడ్స్ మొదలుపెడతారు. వాటిని గబగబా తగ్గిస్తే మళ్లీ తిరగబెడుతుంది, వారాల తరబడి మెల్లగా దింపాలి. కోలుకున్నాక కొన్ని నెలలకి థైరాయిడ్ దెబ్బతినే అవకాశం ఉంది కాబట్టి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చూడాలని డిశ్చార్జ్ కాగితంలోనే రాసేయండి.

ఓ మాట. ఏ లక్షణమూ లేకుండా రిపోర్టులో యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువుందని అల్లోప్యూరినాల్ రాసేయడం మన దగ్గర బాగా అలవాటైంది. అవసరం లేని మందుతో ఇలాంటి రియాక్షన్ వస్తే ఆ ఇంటివాళ్లకి ఏమని చెప్తాం?

చర్మం, నోరు, కళ్లు దెబ్బతినే ఇంకో మందు రియాక్షన్ స్టీవెన్స్ జాన్సన్, డ్రెస్‌కి వేరు. ఇది డ్రెస్ కంటే త్వరగా వస్తుంది, మందు మొదలైన నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల మధ్యలో. చర్మం దురద పెట్టడం కాదు, మండుతుంది, ముట్టుకుంటే నొప్పి. నోరు, కళ్లు, మూత్రద్వారం పుండ్లు పడతాయి. దద్దుర్లతో వచ్చిన ప్రతి పేషెంటునీ నోరు తెరిపించి టార్చ్ వేసి చూడండి, కళ్లు ఎర్రబడ్డాయేమో చూడండి, మూత్రానికి వెళ్తే మంటగా ఉందా అని అడగండి. చర్మం ఊడుతుంటే ఆ రాత్రే ఐసీయూ ఉన్న చోటికి పంపాలి, కంటి డాక్టర్ని మొదటి రోజే పిలవాలి. చర్మం మానిపోయినా చూపు పోయినవాళ్లు ఉన్నారు.

ఇక పుట్టుకతో వచ్చే లోపాల సంగతి. ఆపరేషన్ థియేటర్‌లో స్కోలిన్ (కండరాల్ని కాసేపు కదలకుండా చేసే మందు) ఇస్తే పది నిమిషాల్లోపే దాని ప్రభావం పోయి పేషెంటు ఊపిరి తీసుకోవాలి. గంట గడిచినా కదలిక లేదంటే, రక్తంలో ఆ మందుని విరగ్గొట్టే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ పుట్టుకతోనే లేదేమో ఆలోచించాలి. ప్రపంచంలో చాలా అరుదైన ఈ లోపం మన ఆర్యవైశ్యుల్లో మిగతావాళ్లకంటే ఎక్కువ. తరతరాలుగా లోపలే సంబంధాలు చేసుకోవడం వల్ల ఒకే జన్యు మార్పు నిలిచిపోయింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలోనూ దీన్నే ఉదాహరణగా తీసుకున్నారు. మత్తు ఇచ్చే ముందు కులం అడగడం ఇబ్బందనిపిస్తే ఇలా అడగండి: "మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత లేవడం బాగా ఆలస్యమైందా, వెంటిలేటర్ మీద పెట్టారా? అమ్మానాన్నలది మేనరికమా?"

అలా జరిగితే కంగారు పడొద్దు, వెంటిలేషన్ కొనసాగించండి, కొన్ని గంటలకి అదే తగ్గుతుంది. మర్చిపోకూడనిది మత్తు. కదల్లేని మనిషికి మెలకువ వచ్చేసి ఉండొచ్చు, పల్స్, బీపీ పెరగడం, కంట్లో నీళ్లు రావడం దానికి గుర్తులు, కాబట్టి నిద్రమందు ఆపకండి. తొందరపడి నియోస్టిగ్మిన్ (కొన్ని కండరాల మందులకి విరుగుడు) ఇవ్వకండి, అది ఈ ఎంజైమ్‌నే ఇంకా అణచిపెడుతుంది.

ఇదే లోపం క్యాజువాలిటీలో ఇంకో రకంగా బోల్తా కొట్టిస్తుంది. పురుగుల మందు వల్ల కూడా ఈ ఎంజైమ్ పడిపోతుంది. అది తాగారేమో అని కోలినెస్టరేజ్ పరీక్షకి పంపిస్తే రిపోర్టు దాదాపు సున్నా వస్తుంది. కానీ మనిషిని చూస్తే కంటిపాపలు మామూలుగా ఉన్నాయి, చొంగ లేదు, చెమట లేదు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. అప్పుడు రిపోర్టుని కాదు, మనిషిని నమ్మండి. జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండండి, వీలైతే ఎర్రకణాల్లోని కోలినెస్టరేజ్ చేయించండి. పుట్టుకతో వచ్చిన లోపమైతే అది మామూలుగానే ఉంటుంది, విషమైతే అదీ పడిపోతుంది.

ల్యాబ్ తప్పుదారి పట్టించే చోటు ఇంకోటుంది. వైవాక్స్ మలేరియాకి ప్రైమాక్విన్ వేశాక రెండు మూడు రోజుల్లో మూత్రం డికాషన్ రంగులోకి మారి, కళ్లు పచ్చబడి, నీరసపడితే జీ6పీడీ (ఎర్రకణాల్ని కాపాడే ఎంజైమ్) లోపం గుర్తుకు రావాలి. మందు ఆపి ఆ రోజే పరీక్ష చేయిస్తే నార్మల్ అని రావచ్చు, ఎందుకంటే ఎంజైమ్ తక్కువున్న పాత కణాలు అప్పటికే చితికిపోయి ఉంటాయి, మిగిలినవి కొత్తవి. మూడు నెలలాగి మళ్లీ చేయించండి.

డాప్సోన్ వేసుకునేవాళ్లలో పల్స్ ఆక్సిమీటర్ 85 దగ్గర ఆగిపోయి, ఆక్సిజన్ పెట్టినా కదలకపోతే, తీసిన రక్తం గోధుమరంగులో ఉంటే, అది మెథెమోగ్లోబిన్, అంటే ఆక్సిజన్ మోయలేకుండా మారిపోయిన హిమోగ్లోబిన్. దానికి విరుగుడైన మిథిలీన్ బ్లూ ఇచ్చే ముందు జీ6పీడీ గురించి ఒక్కసారి ఆలోచించండి, ఆ లోపం ఉన్నవాళ్లకి ఇస్తే కణాలు ఇంకా చితుకుతాయి.

అన్నీ మందు మీదకే నెట్టేయకండి కూడా. తేదీలు కుదరకపోతే ఒప్పుకుని వేరే దారి వెతకాలి. పాతికేళ్లలోపు పిల్లాడికి లివర్ జబ్బు, చేతులు వణుకు, మాట ముద్దగా రావడం, చదువులో వెనకబడటం కలిసి ఉంటే విల్సన్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకుపోయే జన్యు జబ్బు) కోసం సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రొటీన్), 24 గంటల మూత్రంలో రాగి, కంటికి స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయించండి. చికిత్సకి రాగిని బయటికి పంపే పెనిసిలమైన్ మొదలెట్టాక కొందరిలో వణుకు ఇంకా పెరుగుతుంది. జబ్బు ముదిరిందా, మందు ముదిరించిందా తేల్చడానికి మళ్లీ ఆ తేదీల కాగితమే దిక్కు. జన్యు జబ్బని అనుమానం బలంగా ఉంటే హైదరాబాద్‌లో జన్యు పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి అరుదైన జబ్బుల కేంద్రంగా పనిచేస్తున్నాయి. 2021 జాతీయ అరుదైన జబ్బుల విధానం కింద అర్హత ఉన్నవాళ్లకి ఇలాంటి కేంద్రాల ద్వారా 50 లక్షల దాకా సాయం దొరుకుతుంది. పంపేటప్పుడు "ఫర్ ఎవాల్యుయేషన్" అని ఒక్క ముక్క రాయకుండా మీ కాగితాన్ని కూడా జతచేయండి.

రియాక్షన్ అనుమానం వస్తే మందుల దుష్ప్రభావాల్ని నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్‌ కార్యక్రమానికి తెలపండి, టోల్ ఫ్రీ 1800-180-3024. రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు. పేషెంటుకి ఓ కార్డు రాసివ్వండి. దాని మీద బ్రాండ్ పేరు కాదు, మందు అసలు పేరు, ఏం జరిగింది, ఏ సంవత్సరం, దానితో పాటు వాడకూడని మిగతా మందులేంటి అని తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాయండి. స్కోలిన్ కేసైతే అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ పరీక్ష చేయించమని కూడా అందులోనే పెట్టండి. కార్డు బీరువాలోకి వెళ్లిపోతుంది కాబట్టి, మీ ముందే ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఫొటో తీయించండి.