శాడిల్‌లో నడుము పట్టేస్తోందా? జింకల వేటకు కొత్తగా చెట్టెక్కేవాళ్ల సమస్యలు, పరిష్కారాలు

టెక్సస్‌లో జింకల వేట అంటే నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన డబ్బాలాంటి బాక్స్ బ్లైండ్, ఎదురుగా మొక్కజొన్న చల్లే ఫీడర్. నేలలో తొంభై శాతానికి పైగా ప్రైవేటు చేతుల్లో ఉంది కాబట్టి చాలామంది వేటకు భూమి లీజు తీసుకుని అలాగే కూర్చుంటారు. తాడుతో చెట్టుకు వేలాడి విల్లుతో వేటాడే శాడిల్ గురించి లీజులో తోటి వేటగాళ్లను అడిగితే వింతగా చూస్తారు. చెప్పేవాళ్లు లేక మొదటి సీజన్ నేను చేసిన తప్పులన్నీ ఇక్కడ రాస్తున్నాను.

శాడిల్ అంటే ఏమిటో మన ఊళ్లవాళ్లకు ఒక్క మాటలో చెప్పొచ్చు. గీత కార్మికుడు మోకు మీద వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలేసి కల్లు గీస్తాడు చూడండి, పద్ధతి అదే. పిరుదుల కింద పట్టీ, ముందు బ్రిడ్జ్ అనే చిన్న తాడు, దాన్ని చెట్టుకు కలిపే టెదర్, కాళ్ల కింద చిన్న ప్లాట్‌ఫామ్. మోకు ఒక్కటే ఆధారం కాబట్టి గీత కార్మికులు పడిపోతుంటారు. అందుకే 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు పంచింది. మనకూ అదే సూత్రం: పాదం నేల వదిలిన క్షణం నుంచి మళ్లీ నేలను తాకేదాకా ఒక తాడు చెట్టుకు ఉండాల్సిందే. ఎక్కేటప్పుడు లైన్‌మన్ రోప్ (నడుము నుంచి చెట్టు చుట్టూ తిరిగే తాడు), పైకి చేరాక టెదర్. టెదర్ తగిలించి, బరువు వేసి చూశాకే లైన్‌మన్ రోప్ విప్పాలి.

తుంటి ఎముకలు నొక్కేస్తున్నాయి, అరగంట కూడా ఉండలేకపోతున్నాను

చాలామంది శాడిల్ అమ్మేసేది ఇక్కడే. తప్పు చాలాసార్లు శాడిల్‌ది కాదు, బ్రిడ్జ్‌ది. బ్రిడ్జ్ పొట్టిగా ఉంటే దాని రెండు కొసలూ తుంటిని రెండు వైపుల నుంచీ లోపలికి పిండుతాయి. పొడుగు చేస్తే లాగుడు ముందుకు మళ్లుతుంది, పిండడం తగ్గుతుంది. మరీ పొడుగైతే బ్రిడ్జ్‌ను టెదర్‌కు తగిలించే కారబినర్ (లోహపు కొక్కెం) చేతికి అందదు, అక్కడ ఆగాలి.

రెండో కారణం, శాడిల్‌ను బెల్టులాగా నడుము మీద కట్టుకోవడం. అది కూర్చునే పీట. కింది అంచు తొడల మొదట్లోకి దిగాలి.

ఆ తర్వాతే టెదర్ ఎత్తు. నిలబడితే చెట్టు దగ్గరి టెదర్ ముడి నుదుటి ఎత్తులో ఉండేలా మొదలుపెట్టండి. కిందికి దించితే వాలడానికి బాగుంటుంది, పైకి జరిపితే కూర్చోడానికి. ఒకసారికి ఒక్కటే మార్చండి, అదీ రెండు వేళ్ల మందం. నేను మా పెరట్లో పెకాన్ చెట్టుకు నేల నుంచి అడుగు ఎత్తులో ప్లాట్‌ఫామ్ కట్టి, వారం రోజులు సాయంత్రాలు ఆఫీసు కాల్స్ అక్కడే విన్నాను. మా ఆవిడ వీడియో తీసి విజయవాడ పంపింది. పోతే పోయింది పరువు, మార్కర్‌తో బ్రిడ్జ్ మీద పెట్టిన గుర్తు ఇప్పటికీ పనికొస్తోంది.

మోకాళ్లు నొప్పి, పాదాలు తిమ్మిరి

ఒకే భంగిమలో ఉండిపోవడం. కాసేపు కూర్చుని మోకాళ్లు చెట్టుకు ఆనించండి, కాసేపు నిలబడి వెనక్కి వాలండి. మోకాళ్లకు ప్యాడ్లు పెట్టుకోండి, అడుగు గట్టిగా ఉండే బూట్లు వేసుకోండి. ప్లాట్‌ఫామ్ అంచు మెత్తటి బూటులోంచి అరికాలిని కోస్తుంది.

ఒక్కటి మాత్రం సరదా కాదు. కాలు జారి, పాదాలకు ఆధారం లేకుండా కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలో నిలిచిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. చెట్టెక్కడానికి కట్టే మెట్ల కడ్డీల్లో (క్లైంబింగ్ స్టిక్స్) చివరిదాన్ని కాలికి అందే దూరంలోనే ఉంచండి. ఫోన్ చేతికి అందే జేబులో ఉండాలి.

ప్లాట్‌ఫామ్ కదులుతోంది

తూర్పు టెక్సస్‌లో లాబ్లాలీ పైన్లు ఎక్కువ. నిటారుగా పెరుగుతాయి, శాడిల్‌కు అనువుగా ఉంటాయి. కానీ వాటి బెరడు పెళ్లలు పెళ్లలుగా ఊడుతుంది. ప్లాట్‌ఫామ్ పళ్లు చెట్టును కాకుండా ఆ పెళ్లను పట్టుకుంటాయి. గ్లవ్‌తో వదులు బెరడు రుద్దేసి, ముందంచు కొంచెం పైకి ఉండేలా పెట్టి, స్ట్రాప్ బిగించి, కాలితో కిందికి గట్టిగా తొక్కండి. కూర్చుంది అన్నట్టు ఒక మెట్టు దిగుతుంది. పావుగంట తర్వాత ఇంకోసారి చూడండి.

ముడి జరగదు, లేదా జారిపోతోంది

టెదర్ మీద జరుపుకునే, బరువు పడితే బిగుసుకునే ప్రూసిక్ ముడి వేసే తాడు టెదర్ కంటే సన్నగా ఉండాలి. రెండూ ఒకే మందమైతే పట్టు సరిగా దొరకదు. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా వరసగా సర్దాలి. కొత్త తాడు బిరుసుగా ఉంటుంది, చేత్తో నలపండి. టెదర్ చివర ఆపుడు ముడి లేకుండా ఎక్కకండి. టెదర్‌లో వదులు ఉంచుకుని పైకి లేచి నిలబడటం పెద్ద తప్పు. ఈ తాళ్లు పెద్దగా సాగవు, రెండడుగుల పతనం కూడా నడుముకు గట్టి దెబ్బే.

మా దగ్గర నిటారు చెట్లే లేవు

మెస్కీట్ తుప్పల్లో శాడిల్ మోజు వదిలేసి నేల మీద దాక్కోండి. మధ్య టెక్సస్‌లోని హిల్ కంట్రీలో లైవ్ ఓక్‌లైతే ఇరవై అడుగులు ఎక్కక్కర్లేదు. గుబురుగా కొమ్మలున్న చోట పది అడుగులూ చాలు. ప్రాణమున్న చెట్టునే ఎంచుకోండి, ఎండు కొమ్మను నమ్మకండి.

జింక ప్రతిసారీ కుడివైపే వస్తోంది

కుడిచేతి వాటం విలుకాడు చెట్టుకు ఎదురుగా వేలాడితే ఎడమవైపు సుఖంగా వేస్తాడు. కుడివైపు తిరిగితే తాడు అడ్డం. కాబట్టి దారి మీకు ఎడమవైపు పడేలా చెట్టులో మీ చోటు ఎంచుకోండి. తప్పనప్పుడు విల్లును బ్రిడ్జ్ మీదుగా దాటించి, నడుము తిప్పి వేయాలి. ఇది అడవిలో నేర్చుకునేది కాదు, పెరట్లో జింక బొమ్మ మీద నేర్చుకోవాలి. కిందికి వేసేటప్పుడు చేతులు దించకండి, నడుము దగ్గర వంగండి.

వాసన పట్టి ఆమడ దూరం నుంచే పారిపోతోంది

అక్టోబర్ ఎండలో ఇరవై పౌండ్ల సామాను మోసుకుంటూ వెళితే చెమటలు పట్టక ఏం చేస్తాయి? పల్చటి చొక్కాతో నడిచి, చెట్టు కింద మార్చుకోండి. సాయంత్రం చల్లబడే గాలి పల్లానికి జారుతుంది, మీ వాసనా దాంతోనే పోతుంది. క్లైంబింగ్ స్టిక్స్ ఒకదానికొకటి తగిలి టంగుమంటే అంతా అయిపోయినట్టే, టేపు చుట్టండి.

తాళ్లు మాత్రం నేల మీద పడేయకండి. ఒకసారి నేను లైన్‌మన్ రోప్ చివర గడ్డిలో వదిలాను. ఎక్కాక చూస్తే ఫైర్ యాంట్స్ (కుట్టే ఎర్ర చీమలు) దాని వెంటే వరస కట్టి నా చేతి మీదికి వస్తున్నాయి. ఆ సాయంత్రం జింక కాదు, నేనే అదిరిపడి దిగాను.

లీజు యజమాని ఒప్పుకోవడం లేదు

ఆయన భయమల్లా మేకులు, మరలు. చెట్టుకు చిల్లు పడదని ఒకసారి ఎక్కి చూపించండి. లేదంటే ప్రభుత్వ అడవి శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్ ఉంది. దానికి మామూలు లైసెన్సుతో పాటు ఏడాదికి 48 డాలర్ల పబ్లిక్ హంటింగ్ పర్మిట్ కావాలి, అక్కడ ఎర వేయకూడదు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ ముట్టుకోవాలంటే ఫెడరల్ చట్టం అడ్డొస్తుంది, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటేనే మినహాయింపు. విల్లు ఆ చట్టం కిందికి రాదు, అందుకే మనవాళ్లలో చాలామంది దీంతో మొదలుపెట్టొచ్చు. సెలవులకు ఇంటికెళ్లి నల్లమలలో చూద్దామని మాత్రం అనుకోకండి. అక్కడ 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జింకను వేటాడితే జైలే.